హాకీ గ్యాలరీ తప్పెట

నేను ఒక తప్పెటను. చుట్టూ చింతచెక్క, మీద మేకతోలు, అంతే నా ఆస్తి. మిగిలినదంతా నోరే. ఊరుకోవడం నాకు చేతకాదు, కాస్త ఓపిక పట్టి వినండి.

మాది రైల్వే జంక్షన్ ఉన్న సీమ ఊరు. అన్ని ఊళ్ళకూ క్రికెట్ పిచ్చి ఉంటే మా ఊరికి హాకీ పిచ్చి. నన్ను చేసినవాడు ఎర్రిస్వామి, లోకో షెడ్డులో ఫిట్టరు. చేసేటప్పుడు మారెమ్మ జాతర కోసమే అన్నాడు. తోలు ఆరిందో లేదో, జాతర మాట గాలికి వదిలేసి, నన్ను మెడలో తగిలించుకుని జంక్షన్ హాకీ క్లబ్బు గ్యాలరీకి పోయాడు. మనుషుల భక్తి ఎప్పుడు ఎటు మళ్ళుతుందో ఆ మారెమ్మకే తెలియాలి.

అక్కడ ఒక ఆచారం పుట్టింది. మా జట్టుకు పెనాల్టీ కార్నర్, అంటే గోలు కొట్టే మంచి అదను, వచ్చిందంటే గ్యాలరీ అంతా నోరు మూసుకుంటుంది, నేనొక్కదాన్నే మోగుతాను. ఎర్రిస్వామి మూడు దెబ్బలు వేస్తాడు. మూడో దెబ్బకు లైను మీద ఉన్నవాడు బంతిని నెడతాడు, కెప్టెన్ జిలానీ దాన్ని గోల్లోకి బాదుతాడు. ఎవరూ నేర్పింది కాదు. ఏళ్ళ తరబడి అలా ఆడీ ఆడీ వాళ్ళ చేతులు నా చప్పుడుకు అలవాటుపడ్డాయి.

అంతా బాగుందనుకుంటుండగా కొత్త కోచ్ దిగాడు. క్లబ్బు సెక్రెటరీ వీరభద్రప్పకు స్వయానా అల్లుడు. వాలీబాల్ ఆడినవాడట. ఏ ఆటైతేనేం, బంతి ఉంది కదా అన్నారు మామగారు. అబ్బబ్బ, ఏం నిర్వాకం వెలగబెట్టాడు! వారానికో కొత్త పథకం. వెనక కాపు కాసేవాళ్ళను ముందుకు, ముందు ఉరికేవాళ్ళను వెనక్కు. ఇదేమని అడిగినందుకు జిలానీని బెంచీ మీద కూర్చోబెట్టాడు. వరసగా ఓడాం. ఓడినప్పుడల్లా వీరభద్రప్ప "పిల్లోళ్ళల్లో కసి లేదు" అని ఒక్క మాట అనేసి కారెక్కేవాడు. కసి గ్యాలరీలో కావలసినంత ఉంది, ఎవరికి చెప్పుకోవాలి?

ఆఖరి మ్యాచ్ వచ్చింది. గెలవకపోతే కింది డివిజన్‌కు జారిపోతాం. జట్టు జారిపోతే సెక్రెటరీతో సహా కమిటీ మొత్తం దిగిపోవాలన్నది క్లబ్బు కట్టుబాటు. ఆ మాట మీదే ఆశ పెట్టుకున్నాడు రిటైరైన రైల్వే గార్డు సుంకన్న, మా గ్యాలరీకి పెద్ద దిక్కు. మ్యాచ్ మొదలు కాకముందే ఎర్రిస్వామిని పట్టుకున్నాడు.

"ఈ పొద్దు నీ తప్పెట మోగకూడదప్పా. ఓడిపోనీ. పీడ వదుల్తుంది."

"పిల్లోళ్ళు ఓడిపోతాంటే చూస్తా కూకోమంటావా సుంకన్నా?"

"ఒక్క ఓటమితో క్లబ్బు బాగుపడుతుంది. మోగించినావంటే మాత్రం ఆ మామా అల్లుళ్ళను మన నెత్తిన కూకోబెట్టింది నువ్వే అయితావు."

ఎర్రిస్వామి నన్ను ఒళ్ళో బోర్లించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ కోపం మామా అల్లుళ్ళ మీదైతే మధ్యలో నా నోరెందుకు నొక్కుతారు?

మొదటి కార్నర్ పడింది. ఎక్కడా చప్పుడు లేదు. లైను మీద ఉన్నవాడు గ్యాలరీ వైపు చూశాడు, తడబడి నెట్టాడు, బంతి ఎటో పోయింది. రెండోదీ అంతే. స్కోరు సమంగా ఉంది. ఆట ముగియబోతుండగా ఒకడి మోకాలు బెణికి, వేరే దారిలేక కోచ్ జిలానీని దింపాడు. వెంటనే ఇంకో కార్నర్. జిలానీ కర్ర పైకెత్తి అరిచాడు.

"స్వామన్నా! మేమేం పాపం చేసినాం అన్నా? కొట్టన్నా!"

"నా వల్ల కాదు సుంకన్నా, తిట్టుకుంటే తిట్టుకో" అంటూ ఎర్రిస్వామి లేచాడు. ఒకటి, రెండు, మూడు. జిలానీ బాదిన బంతికి గోలు పలక అదిరిపోయింది. గ్యాలరీ మొత్తం ఎగిరి గంతేసింది, సుంకన్నతో సహా. తర్వాత తాము ఏడవాల్సిన సంగతి గుర్తొచ్చి ఒక్కొక్కరే కూలబడ్డారు.

జరగాల్సిందే జరిగింది. "మా అల్లుడి పథకం ఫలించింది" అని వీరభద్రప్ప మైకులో చెప్పి, అల్లుడికి గజమాల వేసి, ఇంకో మూడేళ్ళు ఆయనే కోచ్ అని ప్రకటించాడు. ఎర్రిస్వామికి ఒక శాలువా కప్పి, ఆ సందట్లోనే నన్ను మెడలోంచి తీసుకున్నాడు. ఇకమీదట నేను క్లబ్బు ఆస్తినట. సుంకన్న ఎర్రిస్వామితో మాటలు మానేశాడు.

నన్ను సెక్రెటరీ గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. గౌరవమట! నోరే బతుకైన దానికి అంతకన్నా శిక్ష ఉందా? కొత్త సీజను మొదలైంది. మైదానంలో కార్నర్ ఈల వినబడుతుంది, నా తోలు జివ్వుమంటుంది, ఆ వెంటనే జనం ఉసూరుమంటారు. ఇదే వరస. కోచ్ ఈసారి జిలానీని జట్టులోంచే తీసేశాడు.

ఒక ఆదివారం సగం ఆటకే మా జట్టు మీద అయిదు గోల్స్ పడ్డాయి. వీరభద్రప్ప ఎర్రిస్వామికి కబురు పెట్టాడు. ఎర్రిస్వామి వచ్చాడు. ఏం జరుగుతుందోనని గ్యాలరీలో సగం మంది అతని వెంటే వచ్చి గుమ్మంలో మూగారు. సుంకన్న కూడా ఉన్నాడు. వీరభద్రప్ప కుర్చీలోంచే పెట్టె తాళంచెవి విసిరాడు.

"తీసుకోప్పా. పొయ్యి కొట్టు. పరువు పోతాంది."

"కొడతా సామీ" అన్నాడు ఎర్రిస్వామి.

కిటికీ ఎండకు నా తోలు కాగి బిగిసి ఉంది. ఎర్రిస్వామి నన్ను మెడలో వేసుకున్నాడు గాని మైదానానికి పోలేదు. అక్కడే, సెక్రెటరీ బల్ల ముందే నిలబడి అందుకున్నాడు. కార్నర్ దెబ్బలు కావవి. ఇంటి ముందు నుంచి శవం లేచేటప్పుడు కొట్టే దరువు. మా ఊళ్ళో అది చెవిన పడినంతసేపూ ఎంతటివాడైనా కూర్చుని ఉండకూడదు. గుమ్మంలో ఉన్నవాళ్ళు తలపాగాలు తీశారు. పుట్టి బుద్ధెరిగిన నాటి అలవాటు కదా, వీరభద్రప్ప కూడా గబుక్కున లేచి చేతులు జోడించాడు.

"అయ్యో, ఎవరు పోయినారప్పా?"

"మన క్లబ్బు సామీ" అన్నాడు సుంకన్న.

వీరభద్రప్ప జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆయన వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ఎర్రిస్వామి దరువు ఆపలేదు. ఆపితే ఆయన మళ్ళీ కూర్చుంటాడు.