పదకొండు బై పదహారు

కారు వయసు ముప్పై తొమ్మిదేళ్లు. దాని యజమానురాలు ఒక రిటైరైన టీచరు, వయసు డెబ్బై రెండు. పాఠం చెప్పడం మానేసి పద్నాలుగేళ్లయినా ఆవిడ ఇప్పటికీ అందరికీ జాగ్రఫీ మేడమే. "మా ఇద్దరిలో దానికే మోకాళ్లు బాగున్నాయి. ఇప్పుడు దానికీ ఏదో వచ్చింది" అంటూ తాళంచెవి బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దున లేచి చూస్తే కారు కింద నేలంతా నూనె మరకలట.

బండ్లు బాగుచేసే ఆ షెడ్డు నడిపేది నలభై ఆరేళ్ల ఆవిడ. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనేవారు. అక్క కారు కిందికి దూరి లైటు వేసి చూసింది. ముందువైపు, రేడియేటర్ పక్కన, ఆయిల్ కూలర్ ఉంది. ఇంజన్‌లో కాగిన నూనె ఒక గొట్టంలో అక్కడికి వెళ్లి, చల్లబడి, రెండో గొట్టంలో వెనక్కి వస్తుంది. ఆ గొట్టాలు రెండూ తుప్పుపట్టి చెమరుస్తున్నాయి.

"గొట్టాలు కొత్తవి చేయించొచ్చు మేడమ్. కూలర్ మాత్రం ఇప్పుడెక్కడా దొరకదు. విప్పేటప్పుడు గొట్టం బిగించే దాని మెడ మెలితిరిగిందంటే బండి తుక్కుకే."

"అయితే మెలితిప్పకు" అంది మేడమ్.

ఆవిడ ఇంటికి వెళ్లాక అక్క గొట్టాలను కూలర్‌కు బిగించిన రెండు నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి గంటసేపు నాననిచ్చింది. తర్వాత పదిహేడో నంబరు పానా పెట్టి చూసింది. ఎక్కలేదు. పద్దెనిమిది ఎక్కింది గానీ కాస్త ఊగింది. ఆ ఊగడం చూసినప్పుడే ఆగాల్సింది. ఆ కాలపు కార్లలో కొన్నిటి నట్లు అంగుళాల్లో ఉంటాయని ఆమెకు తెలియక కాదు. ఆ నట్టు కొలత అంగుళంలో పదకొండు బై పదహారు. దానికి మామూలు పానా కూడా పనికిరాదు. లైన్ పానా కావాలి. అది చూడటానికి రింగు పానాలాగే ఉండి, ఒక పక్క గొట్టం దూరేంత సందు ఉంటుంది. సందు పోగా మిగతా నట్టునంతా చుట్టి పడుతుంది కాబట్టి జారదు.

అది ఆమె దగ్గర లేదు. ఎక్కడుందో తెలుసు. అక్కడికి వెళ్లడానికి మనసొప్పక పద్దెనిమిదితోనే పై నట్టు మీద బలం వేసింది. పానా కీచుమని జారింది. నట్టు మూలలు రెండు నున్నగా అరిగిపోయాయి.

అక్క పానా కింద పడేసి కారు కింది నుంచి బయటికి వచ్చింది.

లైన్ పానా ఆమె తమ్ముడి దగ్గర ఉంది. ఏడేళ్ల క్రితం ముగ్గురూ ఈ షెడ్డులోనే పనిచేసేవారు, తండ్రీ, అక్కా, తమ్ముడూ. ఒకరోజు మధ్యాహ్నం ఎవరో కూలర్ గొట్టం విప్పబోయి మెడ విరగ్గొట్టారు. అది తండ్రికి ఇరవై ఏళ్లుగా నమ్మకంగా వస్తున్న మనిషి బండి. ఆ పూట ఆ బండి పని తమ్ముడిది. తండ్రి ఇంకేమీ అడగలేదు. ఆ పెద్దమనిషి ఎదుటే, ముప్పై మూడేళ్ల కొడుకు చెంప ఛెళ్లుమనిపించాడు. అక్క అక్కడే నిలబడి ఉంది. నోరు మెదపలేదు. తమ్ముడు చేతులు తుడుచుకుని వెళ్లిపోయినవాడు మళ్లీ రాలేదు. ఏడాదికి తండ్రి పోయాడు. పనిముట్లు పంచుకున్నారు. మిల్లీమీటర్ల పానాలు అక్కకి, అంగుళాలవి తమ్ముడికి. పంపకం కూడా మధ్యవర్తి చేతే జరిగింది. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

తమ్ముడి కొట్టు రెండు వీధుల అవతల. నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. అక్క వెళ్లేసరికి లేతు మీద ఏదో ఇత్తడి ముక్క తిరుగుతోంది. ఆమెను చూసి మిషన్ ఆపాడు.

"ఏంటి, ఇలా వచ్చావు?"

"పదకొండు బై పదహారు లైన్ పానా కావాలి."

"ఏ బండికి?"

చెప్పింది.

"నట్టు బాగుందా? ఎవరిదైనా చెయ్యి పడిందా?"

ముప్పై తొమ్మిదేళ్ల కారు. ఎంతమంది చేతులో పడి ఉంటాయి. ఎవరో పాడుచేశారంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేనే పాడుచేశాను. పద్దెనిమిది పెట్టి తిప్పాను. పై నట్టుకి రెండు మూలలు పోయాయి."

తమ్ముడు గుడ్డ తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు.

"ఆ రోజుది కూడా నేనేరా" అంది అక్క. "నువ్వు భోజనానికి వెళ్లావు కదా. నువ్వు వచ్చేలోపల విప్పేద్దామని చెయ్యి పెట్టాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"షెడ్డులో ఉన్నది ముగ్గురం. నాన్న కాదు, నేను కాదు. ఇంక లెక్కేముంది?"

"మరి నాన్నతో చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను" అన్నాడు తమ్ముడు. "ఆయన పోయేదాకా చూశాను."

కూర్చోమని అతను అనలేదు. గోడకున్న మేకుల మీద నుంచి పానా తీశాడు. ఆమె చెయ్యి చాపింది.

"ఇవ్వను. నేనే వస్తా. ఒక్కదానివే ఎలా విప్పుతావు? వెనకాల మెడ ఎవరు పట్టుకుంటారు?"

షెడ్డుకి వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, కారు కిందికి దూరాడు. ముందు కింది నట్టు చూశారు. అక్క రెండో పానాతో కూలర్ మెడను కదలకుండా బిగించి పట్టుకుంది. తమ్ముడు లైన్ పానాను నట్టు మీదికి తోసి, నట్టులో సగందాకా కాక పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, అప్పుడు లాగాడు. తుప్పు పొడిపొడిగా రాలింది. నట్టు వదిలింది.

"పట్టు సడలించకు."

"లేదు, నువ్వు కానియ్."

పై నట్టు మాత్రం మాట వినలేదు. అరిగిన మూలల మీద లైన్ పానా కూడా జారబోయింది. తమ్ముడు వెంటనే ఆపేశాడు.

"గొట్టం కోసేద్దాం" అంది అక్క. "ఎలాగూ కొత్తది వేస్తాం. కోసేస్తే నట్టును ఆరు పక్కలా పట్టే సాకెట్ నేరుగా కూర్చుంటుంది."

"ఆలోచించే అంటున్నావా?"

"గొట్టం పోతే చేసుకోవచ్చురా. కూలర్ పోతే లేదు."

నట్టుకు ఆనించి గొట్టం కోశారు. సాకెట్ బిర్రుగా ఎక్కింది. అక్క మెడ పట్టుకుంది, తమ్ముడు తిప్పాడు. మొదటిసారి కదల్లేదు. మళ్లీ నూనె కొట్టి, కాసేపు ఆగి, రెండోసారి తిప్పాడు. ఠక్కుమంది. అక్క లైటు దగ్గరికి పెట్టి మెడంతా వేలితో తడిమింది. బీట లేదు. నట్టే వదిలింది.

కొత్త గొట్టాలు తమ్ముడు తన కొట్టులోనే వంచి, చివర్లు విప్పార్చి, రెండు రోజుల్లో తెచ్చాడు. బిగించాక బండి కింద పాత పేపరు పరిచి అరగంట ఇంజన్ నడిపారు. పేపరు మీద చుక్క పడలేదు. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని వంగి ఆ పేపరంతా పరీక్షగా చూసి, "వార్తలు పాతవే గానీ మచ్చ లేదు" అని కారెక్కి వెళ్లిపోయింది.

తమ్ముడు పానా జేబులో పెట్టుకున్నాడు.

"భోంచేసి వెళ్లు" అంది అక్క.

"ఇంకోసారి."

క్షమించానని అతను అనలేదు. ఆమె అడగలేదు. అడిగితే ఏమంటాడో ఆమెకు తెలియదు. తండ్రి ముందు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పి లాభమేమిటని రెండు మూడు రోజులు అనిపించింది. చెప్పినందుకు మాత్రం ఆమె విచారించలేదు.

తర్వాతి గురువారం పదిన్నరకి తమ్ముడి భార్య స్కూటర్ తోసుకుంటూ షెడ్డులోకి వచ్చింది. మామగారు పోయాక ఈ ఆరేళ్లలో ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు. బ్రేకు పట్టడం లేదట.

"దారిలో రెండు షెడ్లున్నాయి వదినా. ఇక్కడికే తెమ్మన్నారు మీ తమ్ముడు" అంది చెమట తుడుచుకుంటూ.

అక్క స్కూటర్‌ని స్టాండు మీదికి లాగి, వెనక చక్రం దగ్గర కూర్చుంది.