ఆయన రాసిచ్చిన నా సాక్ష్యం

రొట్టె తడుతుంటే మా ఆయన నా సాక్ష్యాన్ని నాకే చదివి వినిపించాడు.

ఆదివారం మా సంఘంలో కృతజ్ఞత కూడిక. మేము సిలోను పోయి క్షేమంగా తిరిగొచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించే కూడిక. ఆ రోజు నేను అందరి ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాలి. ఏం చెప్పాలో మా ఆయన ఏసన్న పంతులు రెండు పేజీలు రాసి తెచ్చాడు. బేతంచెర్ల మిషను బడికి పెద్ద పంతులు, సంఘానికి సెక్రటరీ కూడా. రాయడం ఆయనకు నీళ్లు తాగినంత పని.

"'నా అజాగ్రత్త వలన నా బిడ్డ పరాయి దేశములో తప్పిపోగా, నా భర్త కన్నీటితో వెదకి నా యొడిలో పెట్టెను.' ఈడ కొంచెం ఆగల్ల. ఆగి కండ్లు తుడుసుకో" అన్నాడు.

"నీళ్లు రాకపోతే?"

"పొయ్యి ముందర కూచునేదానివి, నీకు నీళ్లకేం కరువు? బట్టీ పట్టు. ఒక్క మాట తప్పకూడదు."

పెనం మీద రొట్టె మాడింది. మాడిన రొట్టెనే ఆయన కంచంలో వేశాను. ఆయన కాగితం చూసుకుంటూ తిన్నాడు, ఏం తింటున్నాడో కూడా తెలియలేదు.

సోమవారం పొద్దున మా ఎస్తేరును కడప హాస్టలుకు పంపుతారు. దానికి ఇంకా ఆరేళ్లు నిండలేదు. జడ తనంతట తాను వేసుకోలేదు, ఉరిమితే నా కొంగులో దూరుతుంది. "నీ చేతుల్లో పెట్టి మళ్లా పోగొట్టుకోల్నా?" అని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. మా అత్త విశ్వాసమ్మ దానికి వంత పాడింది. "దీనికి బండలు మోసేది తెలుసు గానీ బిడ్డను మోసేది ఏం తెలుసప్పా?" సిలోను నుంచి వచ్చిన ఈ నాలుగు నెలలూ ఎస్తేరు రాత్రి పడక అత్త పక్కనే. స్నానం చేయించడానికి కూడా నేను అడిగి తీసుకోవాలి. నేను కన్న బిడ్డను నేను అడిగి తీసుకోవాలి!

మా నడింట్లో గోడకు ఒక ఫోటో ఉంది. కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం, కొలంబోలో పెద్ద క్రైస్తవ మహాసభ జరిగింది. మిషను వాళ్లు ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో 'ఆదర్శ కుటుంబాన్ని' పిలిచారు. మా జిల్లా నుంచి మమ్మల్ని. అక్కడి కొబ్బరితోటలో తీసిన ఫోటో అది. మిషను పత్రికలో అచ్చయితే, మా ఆయన అద్దం కట్టించి పెట్టాడు. కోడుమూరు నుంచి, డోన్ నుంచి చుట్టాలు దాన్ని చూడటానికే వచ్చారు. వచ్చినవాళ్లందరికీ టీ పెట్టింది నేను. అద్దం మీద వేలిముద్రలు తుడిచిందీ నేనే.

తుడిచినప్పుడల్లా నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చేవి. ఫోటోలో మా ఆయన ప్రార్థన పుస్తకాన్ని గుండెకు హత్తుకుని ఉంటాడు. ఎంత భక్తో అంటారు చూసినవాళ్లు. ఆ పుస్తకం వెనక, కోటు మీద, అరచేతి వెడల్పు నూనె మరక ఉంది. "నీ తొక్కు సీసాను నా కోటు పెట్టెలో పెట్టు, బయటుంటే పగుల్తాది" అన్నది ఆయనే. రామేశ్వరం దగ్గర మండపం అనే ఊళ్లో సిలోను పోయేవాళ్లను ఆపి, సూదులు వేసి, కొన్నాళ్లు క్యాంపులో ఉంచుతారు. అక్కడ పెట్టె తెరిస్తే చింతకాయ తొక్కంతా కోటులోనే ఉంది. ఐదు రోజులు ఉప్పునీళ్లలో ఆ కోటు ఉతికాను. సూది వేసేటప్పుడు మా అత్త చేయి వెనక్కు లాక్కుని, "నాకొద్దు, నాది కూడా దీనికే పొడవండి" అని నన్ను ముందుకు తోసింది. డాక్టరుకు తెలుగు రాకపోబట్టి బతికిపోయాను.

మా అత్త ఫోటోలో కళ్లు మూసుకుని ఉంటుంది. ప్రార్థనలో లీనమైందని పత్రికలో రాశారు. ఓడ ఎక్కిన గడియ నుంచి ఆమె కళ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఓడలో తల్లీ కొడుకూ పోటీపడి కక్కారు. ఆయనైతే కొత్త టోపీలోనే కక్కాడు. ఆ టోపీని సముద్రం నీళ్లతో కడిగింది ఎవరో చెప్పనక్కర్లేదు. దిగాక, "ప్రయాణం సుఖంగా జరిగిందా?" అని అక్కడి దొర అడిగితే, "దివ్యంగా జరిగిందండి" అన్నాడు ఆ టోపీనే ఎత్తి పట్టుకుని.

ఇవన్నీ నేను మరిచిపోయేదాన్నే. కడగడం, ఉతకడం నాకు కొత్తా? ఫోటోలో ఇంకొకటి ఉంది. ఎస్తేరు రెండు పిడికిళ్లతోనూ నా కొంగు పట్టుకుని ఉంటుంది. దాని కళ్లు ఉబ్బి ఉంటాయి. నేను చీర కిందికి లాగి పాదాలు దాచుకున్నాను.

ఫోటోకు రెండు గంటల ముందు జరిగింది అది. ఓడ దిగి రైలెక్కి, కొలంబో స్టేషన్లో దిగాం. ఆయన ఎస్తేరును ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టి, "నేను చూసుకుంటాలే, నువ్వు పోయి అమ్మకు ఉడుకునీళ్లు తేపో" అని నన్ను పంపాడు. నీళ్లు పట్టుకుని వచ్చేసరికి పెట్టె ఉంది, పెట్టె మీద బిడ్డ లేదు. అత్త బెంచీ మీద మూలుగుతోంది. ఆయన అంత దూరాన దొరల మధ్య మెడలో దండతో నవ్వుతున్నాడు. దండ కోసం బిడ్డ చేయి వదిలేశాడు.

"బిడ్డ యాడప్పా?" అంటే తలైనా తిప్పలేదు. మళ్లీ అడిగితే, "నీతోనే వచ్చిండాది కదా" అన్నాడు.

ఆ స్టేషన్లో నా మాట ఒక్కరికీ అర్థం కాదు. పరుగెత్తాను. ఫోటో కోసమని ఆయన కొనిచ్చిన చెప్పులు, నా కాలికి పట్టనివి, ఎక్కడో ఊడిపోయాయి. పట్టాల పక్క కంకరలో పాదాలు చీరుకుపోయాయి. గంటకు పైగా తిరిగాను. ఆయన ఇద్దరు మనుషులను పంపాడు, బిడ్డ కోసం కాదు, నా కోసం. ఫోటోకు వేళవుతోందట.

చివరికి సరుకుల షెడ్డు దగ్గర నిలబడి నేను మా గని కేక వేశాను.

మా అమ్మ, మా అమ్మమ్మ, నేను, అందరం బేతంచెర్ల గనుల్లో బండలు మోసినవాళ్లమే. రాయి లేపడానికి మందు పేల్చేముందు గని మేస్త్రీ సుంకప్ప గట్టున నిలబడి కేక వేస్తాడు. అందుకుని ప్రతి తల్లీ కేక వేస్తుంది. "మందో... మందంటిస్తాండారో... రాండో!" ఆ కేక వినగానే మా పిల్లలు ఆటలో ఉన్నా, అన్నం ముందున్నా వదిలేసి పరుగెత్తుకొచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడి, కొంగు కింద తల పెట్టుకోవాలి. నడక వచ్చిన రోజు నుంచీ నేర్పుతాం. ఎస్తేరు ప్రతి వేసవీ మా అమ్మ దగ్గర అది నేర్చుకుంది.

కేక పూర్తి కాకముందే కొబ్బరి బస్తాల వెనక నుంచి నా బిడ్డ వచ్చి నా కాళ్ల మీద పడింది. తల కొంగు కిందికి పెట్టుకుంది. అంతమందిలో ఏడవకూడదని ఎవరు చెప్పారో గానీ, నేను గట్టిగానే ఏడ్చాను.

ఆయన వచ్చి పళ్లు నూరాడు. "దొరల ముందర బండల కూలిదాని మాదిరి అరుస్తావా? నా పరువంతా తీసినావు కదే!"

బిడ్డ దొరికిందా అని అడగలేదు.

తిరిగి వచ్చాక మాత్రం ఆ కథ ఆయనదైపోయింది. ఊరూరా ప్రసంగాలు. అందులో ఎస్తేరు తప్పిపోయిన గొర్రెపిల్ల, ఆయన కాపరి. నేను నిద్రపోయిన దాన్ని. విన్నవాళ్లు ఏడ్చారు, ఆయన చేతులు ముద్దుపెట్టుకున్నారు. నన్ను చూసి నాలుక చప్పరించారు. ఆ కోపాన్ని నేను నివురు కప్పి దాచుకున్నాను. ఆరనివ్వలేదు, రోజూ కదిలించి చూసుకున్నాను.

శనివారం సాయంత్రం రెండు పేజీలూ తప్పు లేకుండా అప్పజెప్పాను. "శానా బాగుండాది" అని మెచ్చుకున్నాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

ఆదివారం గుడి నిండిపోయింది. సగం మంది గని వాళ్లే. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో మా అత్త ఎస్తేరును ఒళ్లో బిగించి కూర్చుంది. మగవాళ్ల వైపు ఆయన, కోటుతో. మరక పోలేదు, పుస్తకం దాని మీదే ఉంది.

మా సంఘం పాస్టరు దాసన్న అయ్యగారు నన్ను పిలిచారు. లేచి నిలబడ్డాను.

"నా అజాగ్రత్త వలన నా బిడ్డ పరాయి దేశములో తప్పిపోగా..." అన్నాను. ఆయన చెప్పినట్టే ఆగాను. కళ్లు తుడుచుకోలేదు. "ఇది పంతులు రాసిచ్చిండే సాక్ష్యం. ఇంగ నాది చెప్తా."

చెప్పాను. తొక్కు సీసా దగ్గర మొదలుపెట్టాను. టోపీ దగ్గరికి వచ్చేసరికి గని ఆడవాళ్లు నోట్లో కొంగు కుక్కుకున్నారు. మా అత్త ప్రార్థన సంగతి చెప్పినప్పుడు అయ్యగారు కూడా నవ్వు కనపడకుండా తల వంచుకున్నారు. నాకు ఆ నవ్వులు తేనెలా ఉన్నాయి, దాచుకోవడం దేనికి? తర్వాత ట్రంకుపెట్టె సంగతి చెప్పాను. దండ సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

"అబద్ధం!" అని ఆయన లేచాడు. "దీనికి మతి పోయిండాది, కూచోబెట్టండి!"

పోయిన సంవత్సరం గురమ్మ తన తాగుబోతు మొగుడి గురించి సాక్ష్యం చెబుతుంటే, వాడు ఇలాగే లేచాడు. అప్పుడు మా ఆయనే గర్జించాడు, సాక్ష్యం నడుస్తుండగా ఎవరూ నోరు తెరవకూడదని, అది దేవుని ముందు చెప్పే మాట అని. సంఘం పుస్తకంలో కట్టడగా రాయించాడు కూడా.

"కూచో ఏసన్నా" అన్నారు అయ్యగారు. "సాక్ష్యం నడుస్తాండాది. నీవు పెట్టిండే కట్టడే కదప్పా."

"ఇది చెప్పేది నిజమని ఎవరు చూసినారంట?" అన్నాడు ఆయన, సగం కూర్చుని.

రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాను. తొమ్మిదేళ్లుగా కూలిదాని గొంతు అని ఆయన అణిచిన గొంతును మొత్తం వదిలాను.

"మందో... మందంటిస్తాండారో... రాండో!"

గుడిలో ఉన్న గని పిల్లలంతా ఒక్కసారిగా లేచారు. గోడల దగ్గర నుంచి, గుమ్మం బయట నుంచి వచ్చి ఎవరి తల్లి కాళ్ల దగ్గర వాళ్లు కూలబడ్డారు. మా అత్త చేతులు ఇంకా బిగించే ఉన్నాయి, అందులో ఒక జడ రిబ్బను మాత్రం మిగిలింది. ఎస్తేరు నా కాళ్ల దగ్గర ఉంది, తల నా కొంగు కింద.

ఆయన నుదుట చెమట తుడుచుకోబోయాడు. చేయి కదిలితే పుస్తకం జారి కింద పడింది. అందరూ ఆ మరక చూశారు. నేను తీరిగ్గా చూశాను.

"అయిపోయిందామ్మా?" అన్నారు అయ్యగారు.

"ఇంగొక్క మాటుండాది అయ్యగారూ. రేపు కడపకు నా బిడ్డ పోదు. పెట్టె మాత్రం సర్ది పెట్టిండాను. పంతులుకు మనసైతే ఆయన పోవచ్చు."

అందరికంటే ముందు ఆమెన్ అన్నది గురమ్మ.