కుండీల మీద పడని రౌడీ

మా ఆయన వెంకన్న ఒక సినిమాలో హీరోని కొట్టాడని కడియంలో నేను చెప్పని మనిషి లేడు. ఆ సినిమాలో ఒక ఫైటింగుని నిరుడు మేం పనిచేసే నర్సరీలోనే తీశారు. పనివాళ్లందరికీ సెలవిచ్చి గేటు మూసేశారు. రౌడీలు ఒకరు తక్కువైతే మా ఆయన మీసాలు చూసి ఆయన్నొక్కణ్ణే ఉండమన్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం జరిగిందని అడిగితే, "హీరోకి గట్టిగా ఒక్కటిచ్చానే" అన్నాడు తలొంచుకుని. ఆ ఒక్కటినీ నాలుగు చేసింది మాత్రం నేనే, ఒప్పుకుంటాను.

రాజమండ్రిలో ఆట పడిన రోజు వీధి వీధంతా కదిలింది. నర్సరీ ఫైటింగు వచ్చింది, అయిపోయింది, మా ఆయన నీడ కూడా కనపడలేదు. ఇంటర్వెల్లో మా తోడికోడలు సత్యశ్రీ, "బావగారు కొట్టిన దెబ్బకి రీలు కూడా తెగిపోయినట్టుందక్కా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత కుళాయి దగ్గర ఎప్పుడు కలిసినా అదే మాట.

అందుకే ఆ సినిమా డీవీడీ వచ్చిందనీ, సినిమాలో లేని ముక్కలు కూడా అందులో పెట్టారనీ వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే తెప్పించాను. ప్లేయరు ఉన్నది సత్యశ్రీ ఇంట్లోనే. మరీ మంచిది, దాని ఇంట్లోనే దాని నోరు మూయించొచ్చు. ఆదివారం మధ్యాహ్నం వీధినంతా పిలిచాను. నర్సరీ యజమాని అప్పాజీ గారిని కూడా పిలిచాను. మా ఆయన పొద్దుట్నుంచీ కడుపునొప్పి అంటూ మూలుగుతున్నాడు.

"ఆ నొప్పేదో అక్కడే కూర్చుని పడుదువుగాని" అని రెక్క పుచ్చుకుని లాక్కెళ్లాను.

'షూటింగులో జరిగిన పొరపాట్లు' అని తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆ వెంటనే మా ఆయన! ముఖాన నెత్తురు రంగు, చేతిలో చెక్క కత్తి.

హీరో తన్నాడు. మా ఆయన ఎగిరి గులాబీ కుండీల వరస మీద పడాలి. పడలేదు. గాలిలోనే మెలి తిరిగి పక్కనున్న బురదలో పడ్డాడు.

"కుండీల మీద పడవయ్యా! పగలగొట్టడానికే కొన్నాం వాటిని!" అని డైరెక్టరు అరిచాడు.

"అలాగేనండి" అన్నాడు మా ఆయన. రెండోసారీ బురదలోనే పడ్డాడు. మూడోసారి కాలు తగిలి ఒక కుండీ ఒరిగింది. చచ్చి పడుండాల్సిన మనిషి లేచి, దాన్ని నిలబెట్టి, మన్ను అదిమి మళ్లీ పడుకున్నాడు. నాలుగోసారి కత్తెత్తి హీరో మీదికి పరిగెడుతూ సగంలో ఆగిపోయాడు. ఒక మొక్కకి ఎండుకొమ్మ కనపడింది. చెక్క కత్తి కింద పెట్టి, నడుములోంచి నర్సరీ చాకు తీసి కోసేశాడు.

హీరో నవ్వాపుకోలేక కూలబడి, "ముందు ఆయన పని కానివ్వండి, నన్ను తర్వాత చంపుతాడు" అన్నాడు.

ఇల్లంతా నవ్వులే. సత్యశ్రీ కళ్లు తుడుచుకుంటూ, "ఆ ఒక్కటీ ఎక్కడిచ్చారక్కా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఉండండర్రా! ఆ కొమ్మ కోసిన చోటికి వెనక్కి తిప్పండి" అంది మరిడమ్మ. మా నర్సరీలో నలభై ఏళ్లుగా మొక్కలకి అంట్లు కడుతున్న మనిషి. మళ్లీ వేశారు. "చూశారా? సరిగ్గా చిగురేసే కన్నుకి పైన ఏటవాలుగా కోశాడు. పరుగులో కూడా చెయ్యి తప్పలేదు."

"అవునర్రోయ్" అని అప్పాజీ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నాలుగుసార్లు తిప్పించుకుని చూశారు. హీరోని ఒక్కరూ పట్టించుకోలేదు.

నాకు మాత్రం కోపం దిగలేదు. "డబ్బిచ్చినవాళ్లే పగలగొట్టమంటుంటే నీకేం పోయిందయ్యా? నా పరువు తీశావు!"

"అవి నువ్వు కట్టిన అంట్లేనే వీరవేణీ" అన్నాడు మెల్లగా. "వేళ్లు పుళ్లు పడేలా కట్టావు. వాటి మీదెలా పడమంటావు?"

అవి కట్టిన చలికాలం ముళ్లు గీరుకుని చేత్తో అన్నం కలుపుకోలేకపోతే ఆయనే ముద్దలు పెట్టాడు. అంతమందిలో ఏడుపొచ్చేసింది నాకు.

"మరి హీరోని కొట్టానని ఎందుకు చెప్పావు?"

"కుండీలు కాపాడానంటే తిడతావేమోనని."

సత్యశ్రీ టీ పెట్టడానికి లేచింది.

ఇప్పుడు కుళాయి దగ్గర నేనే మొదలుపెడతాను. మా ఆయన హీరోని కొట్టలేదు, నా మొక్కల కోసం హీరోచేత తన్నించుకున్నాడు అని. తన్నించుకుంది మూడుసార్లే. నేను ముప్పై అని చెబుతున్నాను.