కండక్టరు గారి మూడో ట్రిప్పు

నేను ఒక పుస్తకాన్నని చెప్పుకుంటే అసలు పుస్తకాలకు కోపం వస్తుంది. నాకు అట్ట లేదు, ముందుమాట లేదు, రాసినవారి ఫోటో అంతకన్నా లేదు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక జిరాక్సు కొట్టులో నూట నలభై పేజీలతో వేడివేడిగా పుట్టాను. వీపుకి నల్లటి స్పైరల్ తొడిగారు. ఒళ్ళంతా ఆరోగ్య బీమా ఏజెంటు పరీక్షకు పనికొచ్చే పాఠాలే. అందులో సగం అరవై దాటినవాళ్ళకు పాలసీ ఎలా అమ్మాలో, వాళ్ళను ఏమేం అడగాలో చెప్పేవి. పెద్దవాళ్ళ బీపీలు, షుగర్లు, మోకాళ్ళ నొప్పులు అన్నీ నాకు కంఠతా వచ్చేనాటికి నా వయసు పది నిమిషాలు.

నన్ను మొదట కొన్నది చిట్టిబాబు గారని ఒక బీరువాల షాపు సేల్స్‌మన్. ఆయన తొమ్మిదో పేజీ దాకా చదివారు. పదో పేజీ నుంచి నా మీద ఇడ్లీ ప్లేటు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ సాంబారు మరక ఇప్పటికీ నా నడుం మీద ఉంది. నాలుగు నెలలు అలా గడిచాక, పొద్దున్న నడకకు వచ్చే ఒక పెద్దమనిషి చేతిలో నన్ను పెట్టి, "మీకైతే ఖాళీ ఉంటదండీ, చదువుకోండి" అని చేతులు దులుపుకున్నారు. నాకేం బాధనిపించలేదు. ప్లేటు కింద బతుకు ఎవరికి కావాలి?

ఆ పెద్దమనిషి పేరు వీరభద్రం గారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరై మూడేళ్ళయింది. రాజమండ్రి నుంచి అమలాపురం, అమలాపురం నుంచి రాజమండ్రి, ఆయన జీవితమంతా ఆ దారిలోనే నడిచింది. అలాంటి మనిషికి ఈ వయసులో పరీక్షేమిటని నేనూ అనుకున్నాను. భార్య భాస్కరమ్మ గారైతే పైకే అనేశారు.

"ఏవండీ, మనవళ్ళు పరీక్షలు రాసే వయసులో మీకీ హాల్టిక్కెట్లేంటండీ బాబూ!"

"సోమరాజు కోసమే" అన్నారాయన.

సోమరాజు ఆయన బస్సుకు పందొమ్మిదేళ్ళు డ్రైవరు. పదకొండేళ్ళుగా షుగరు. వెనకటికి ఒక ఏజెంటు ఆయన చేత పాలసీ కట్టించి, ఫారంలో షుగరు లేదని తనే రాసేసుకున్నాడట. రాస్తే కంపెనీ వాళ్ళు ఒప్పుకోరేమోనని వాడి తెలివి. తర్వాత కాలి పుండుతో సోమరాజు ఆసుపత్రిలో పడ్డప్పుడు, నిజం దాచారు కాబట్టి డబ్బు ఇవ్వమని కంపెనీ చెప్పేసింది. ఆనాటి నుంచి ఏజెంటన్న మాట వింటే చాలు ఆయనకు ఒళ్ళు మంట. "ఇంక పాలసీ అంటూ కడితే నువ్వు రాసిన ఫారం మీదే కడతాన్రా భద్రం, ఇంకోడి మొహం చూడను" అని తేల్చి చెప్పాడు. చిక్కేమిటంటే, వాళ్ళు చూసుకున్న పాలసీలో చేరాలంటే అరవై అయిదు నిండకూడదు. సోమరాజుకు ఇంకో కొద్ది నెలల్లోనే అరవై అయిదు నిండుతాయి.

వీరభద్రం గారి చదువు చూసి తీరాలి. పాఠాలను ఆయన తన బస్సు దారిలో స్టేజీలుగా విడగొట్టుకున్నారు. బీమా అంటే ఏమిటి అన్నది వేమగిరి. ఫారం నింపడం కడియపులంక. ముందు నుంచీ ఉన్న జబ్బులు జొన్నాడ. చేరాక కొన్ని జబ్బుల ఖర్చు ఇవ్వాలంటే కొంతకాలం ఆగాలి కదా, అది రావులపాలెం, ఎందుకంటే అక్కడ బండి ఎప్పుడూ ఆగే ఉంటుందట. ఫిర్యాదులు కొత్తపేట, క్లెయిములు అంబాజీపేట. నా మార్జిన్లలో పెన్సిలుతో ఊళ్ళ పేర్లు రాసుకుని, పొద్దున్నే వరండాలో కూర్చుని గట్టిగా చదివేవారు. నేను పుట్టాక నన్ను ఇంత మర్యాదగా చూసినవారు లేరు. వేలు తడిచేసి పేజీ తిప్పే అలవాటొక్కటే నాకు గిట్టేది కాదు.

ఇంత చదివిన మనిషి రెండుసార్లు తప్పారు. మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చుని గంటలో పద్నాలుగు ప్రశ్నలు చేశారు. పద్నాలుగూ కరెక్టే. మిగతా ముప్ఫై ఆరూ ముట్టుకోలేదు. రెండోసారి పదహారు. నేను సిగ్గుతో ముడుచుకుపోయాను. తప్పు నాదేనేమో, నా ముప్ఫై రెండో పేజీ జిరాక్సు మసగ్గా ఉంది కదా అని కుమిలిపోయాను కూడా. మూడో పరీక్ష ఇరవై మూడో తారీకున. అది పోతే మళ్ళీ తేదీ దొరికి, పాసై, కంపెనీ వాళ్ళు ఏజెంటుకిచ్చే నంబరు, అదే కోడు, వచ్చేసరికి వచ్చే నెల పన్నెండో తారీకు, సోమరాజు పుట్టినరోజు, దాటిపోతుంది. ఆ వారమంతా ఆయన నన్ను తెరవలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారంతే.

ఇరవయ్యో తారీకు సాయంత్రం సోమరాజు కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. భాస్కరమ్మ గారు పెసరట్టు పెట్టారు. తింటూ తింటూ అడిగాడు.

"అసలు లోపల ఏం చేస్తున్నావురా గంటసేపు?"

"ఒకటో ప్రశ్న నుంచి వరసగా చేసుకొస్తన్నాను. మధ్యలో లెక్క ప్రశ్న ఒకటి అడ్డం పడతంది. అది తేలక ముందుకెల్లలేను కదా."

"ఎందుకెల్లలేవు?"

"టిక్కెట్టు కొట్టకుండా ఒక్క ప్యాసింజర్ని వదిలేసి పక్క సీటుకి ఎల్లానా ఎప్పుడన్నా? చెకింగోళ్ళు ఎక్కితే నా ఉజ్జోగం ఏమవ్వాలి?"

సోమరాజు పెసరట్టు ముక్క ప్లేట్లో పడేశాడు. విరగబడి నవ్వాడు.

"ఓరి నీ బండబడ! సంత రోజున రావులపాలెంలో జనం ఎగబడి ఎక్కినప్పుడు ఏం చేసేవోడివిరా? వరసగా కొట్టుకొచ్చేవోడివా?"

వీరభద్రం గారు తల గీరుకున్నారు.

"పక్కూళ్ళో దిగిపోయేవోళ్ళెవరెహె, ముందు చెయ్యెత్తండి అని అరిచేవోడివి కాదూ? వాళ్ళకి టిక్కెట్లు కొట్టేసి, అమలాపురమోళ్ళ సంగతి తర్వాత చూసుకునేవోడివి. దూరమోళ్ళు ఎక్కడికి పోతార్రా, బస్సులోనే ఉంటారు. నీ లెక్క ప్రశ్న కూడా అంతే. కంప్యూటర్లోంచి దూకి పారిపోద్దా?"

వీరభద్రం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ళు చేసిన పని ఇంకొకడు గుర్తు చేయాల్సి వచ్చింది. మనుషులు ఇంతేనండీ, నూట నలభై పేజీలు బట్టీ పడతారు గానీ, తమ చేతికి వచ్చిన విద్యను మాత్రం ఇంట్లో వదిలేసి వెళతారు.

ఇరవై మూడో తారీకున నన్నూ తీసుకెళ్ళారు. చదివించిందంతా నేనే, నన్ను మాత్రం లోపలికి రానివ్వరు! గుమ్మం పక్కన చెక్క అరలో సంచితో సహా పడేశారు. ఆ గంట నేను ఎలా గడిపానో నాకే తెలుసు. పక్క అరలో ఎవరిదో టిఫిను డబ్బా, దాని ఉప్మా వాసనతో నన్ను ఇంకా విసిగించింది. గంట కొట్టారు. తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే వస్తున్నారు, ఈయన జాడ లేదు. వచ్చారు చివరికి. సంచి తీసుకున్నారు. నన్ను పైకి తీసి గుండెలకు ఆనించుకున్నారు. ఆయన గుండె నా మొదటి పేజీకి దడదడమని తగులుతోంది.

ఫోను తీసి ఒక్క ముక్క చెప్పారు. "సోమరాజూ, యాభయ్యీ ముట్టుకున్నాన్రా. పాసు."

హమ్మయ్య! నా స్పైరల్ వదులైపోయిందంటే నమ్మండి.

నా పని అక్కడితో సరి. మర్నాడే భాస్కరమ్మ గారు నన్ను పాత పేపర్ల కట్టలో పెట్టేశారు. నేను పోవడానికి సిద్ధపడ్డాను. నిజం చెప్పాలంటే, పాసైన పుస్తకంగా పోవడంలో ఒక దర్జా ఉంది. కానీ కోడు వచ్చిన రోజు ఆయన ఆ కట్ట విప్పి నన్ను వెతికి తీసుకున్నారు. మొదటి ఫారం నేను లేకుండా రాయనన్నారు.

సోమరాజు ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఒక్కో ప్రశ్నా చదివి, జవాబు విని, ఆయనే రాస్తున్నారు.

"సిగరెట్లు?"

"లేవు."

"జొన్నాడలో బండి ఆగినప్పుడల్లా టీ కొట్టు ఎనక్కి ఎందుకెల్లేవోడివో నాకు తెలీదనుకున్నావా? రెండేళ్ళ కిందట మానేశాడని రాస్తన్నాను."

షుగరు పదకొండేళ్ళని రాశారు. వేసుకునే మాత్రల పేర్లు రాశారు. కాలి పుండు, ఆసుపత్రి, ఎన్ని రోజులున్నదీ, అంతా రాశారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి సోమరాజు చేయి ఆగిపోయింది.

"ఇంత వివరంగా రాస్తే ఇవ్వరేమోరా భద్రం. భయంగా ఉంది."

"ఇవ్వనంటే ఇప్పుడే చెప్తార్రా. ఆసుపత్రి మంచం మీద పడుకున్నాక కాదు."

సోమరాజు ఫారం కేసి చూశాడు, ఈయన కేసి చూశాడు, సంతకం పెట్టాడు. ఆ తర్వాత రక్త పరీక్షలన్నారు, ఇంకో కాగితమన్నారు. ఆ రోజులు ఎలా గడిచాయో అడక్కండి. వీరభద్రం గారికి అన్నం సహించలేదు.

పదో తారీకు పొద్దున్న సోమరాజు ఇంటికి పాలసీ కాగితాలు వచ్చాయి, నన్ను చంకలో పెట్టుకుని వీరభద్రం గారూ వచ్చారు. మామూలు కన్నా ఎక్కువ కట్టాలి, షుగరు వల్ల వచ్చే జబ్బులకు కొంతకాలం ఆగాలి, కానీ ఒప్పుకున్నారు. సోమరాజు లోపలి నుంచి కళ్ళజోడు తెప్పించుకుని, వేలు పెట్టి వరస వరసా చదువుకుంటూ వెళ్ళాడు. మూడో పేజీలో వేలు ఆగింది.

"ఉందిరా భద్రం! షుగరు ఉందని రాసే ఉంది! ఇదిగో, అచ్చులో!"

భార్యను పిలిచి చూపించాడు. పక్కింటివాళ్ళను పిలిచి చూపించాడు. తన జబ్బు పేరు చదువుకుని అంతలా పొంగిపోయిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.