చుక్కాని కుదువ

నేను ఒక గాలాల గుత్తిని. బావిలో చేద పడిపోతే తాడు కట్టి దింపే ఇనుప గాలాలను మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. నాలుగు కొక్కేలు, పైన ఒక రింగు. అంతే నేను. అందంగా ఉన్నానని ఎవరూ అనలేదు. అనాలని నేనూ ఎదురు చూడలేదు.

కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో కమ్మరి నాగప్ప నన్ను పాత బండిచక్రం పట్టాతో చేశాడు. నన్ను సాగగొడుతున్నంతసేపూ పక్కన కూర్చున్న మనిషితో కోర్టు వ్యవహారం మాట్లాడాడు. పని మీద మనసు లేకపోయినా పని గట్టిగా వచ్చింది. ఆ సంగతి అతనికి చివరిదాకా తెలియలేదు.

నన్ను చేయించుకున్నది హనుమక్క. ఊరంతటికీ నేను ఒక్కదాన్నే. ఎవరి చేద పడినా ఆమె గడప తొక్కాల్సిందే. ఆమె ఊరికే ఇచ్చేది కాదు. ఇత్తడి చెంబో రాగి తపేలానో కుదువ పెట్టి నన్ను పట్టుకుపోవాలి, నన్ను తెచ్చి అప్పగించి కుదువ విడిపించుకోవాలి. మనుషుల గురించి హనుమక్కకు భ్రమలు లేవు. నాకూ లేవు.

ఒకసారి నన్ను దింపింది చేద కోసం కాదు, పై వీధిలో ఒక ఇంటి కోడలి కోసం. చీర కొంగు నా కొక్కేనికి తగిలింది. ఆ ఇంట్లో ఆ పూట ఎవరికీ ఏడవడం చేతకాలేదు. కుదువ పెట్టిన చెంబు విడిపించుకుపోవడం మాత్రం వాళ్లకు గుర్తుంది. వాళ్లను నేను క్షమించలేదు. ఇకముందు కూడా ఆ ఉద్దేశం లేదు.

తర్వాత ఊళ్లో బోర్లు పడ్డాయి. బావులు ఎండిపోయాయి. నన్ను అటక ఎక్కించారు. నా తాడు అక్కడే చీకి పొడి అయిపోయింది. ఏళ్ల తరబడి కలిసి దిగాం, కలిసి ఎక్కాం. అది ముందు పోయింది. ఆ తర్వాత కొత్త తాళ్లు చాలా కట్టారు. పని జరుగుతోంది. అంతకు మించి చెప్పను.

హనుమక్క పోయే ముందు నన్ను మనవరాలు సుంకమ్మకు ఇచ్చింది. కుదువ లేకుండా ఎవరికీ ఇవ్వొద్దంది. ఖాళీ ఇంట్లో వదిలి పోవద్దంది. సుంకమ్మ మొగుడు ఓబులేసు తాపీ మేస్త్రి. పనులు లేక అండమాన్ పోయాడు. పోర్ట్ బ్లెయర్‌లో కుదురుకున్నాక పెళ్లాన్నీ కూతురినీ పిలిపించుకున్నాడు. ఓడలో, ట్రంకుపెట్టెలో చీరల కింద నేనూ వచ్చాను. పెట్టె విప్పినప్పుడు ఓబులేసు నన్ను చూసి, వంటింట్లో కొళాయి పెట్టుకుని గాలం తెచ్చుకుందని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

రెండేళ్లపాటు సుంకమ్మ సముద్రంలో కాలు పెట్టలేదు. తాగడానికి పనికిరానివాటిని ఆమె నీళ్లుగా ఒప్పుకోలేదు. కానీ అసలు బాధ అది కాదు. ఊళ్లో ఉండగా రోజూ ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడిగేవారు. గాలం మూలపడ్డాక కూడా జల్లెడ కోసమో, సలహా కోసమో వచ్చేవారు. ఇక్కడ ఆమెను ఏదీ అడిగేవాళ్లు లేరు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పేసింది, వేసవిలో వచ్చే ఓడకు కూతురిని తీసుకుని ఊరికి పోతానని, మళ్లీ రానని. అతను తినడం ఆపాడు. ఊళ్లో అతనికి పని లేదు. ఇక్కడ ఆమె లేకపోతే ఇల్లు లేదు. బతిమాలడం తెలిసిన మనిషి కాదు. లేచి చేయి కడుక్కుని స్నేహితుడు నూకన్న దగ్గరికి పోయాడు.

నూకన్న వాళ్లది శ్రీకాకుళం తీరం నుంచి తాతల నాడు వచ్చిన చేపలవాళ్ల కుటుంబం. తోటివాళ్లంతా ఇంజన్లు బిగించుకున్నా అతను తెరచాప వదల్లేదు. అది మొండితనం. అతను దానికి పొదుపు అని పేరు పెట్టుకున్నాడు. ఏటా వేసవి మొదట్లో, గాలి మెత్తగా ఉండే రోజుల్లో, పెళ్లాం అసిరమ్మనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని, దిగనిచ్చే దీవులన్నీ తిరిగి వస్తాడు. ఈసారి రెండు కుటుంబాలూ పోదామన్నాడు. ఓబులేసు ఇంటికొచ్చి పెళ్లాంతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. దీవులు చూసి రావాలి. వచ్చాక కూడా ఊరికి పోతాననే అంటే ఓడ టికెట్లు తనే కొంటాడు. తనకూ ఒకటి కొంటాడు.

ఇల్లు ఖాళీ అవుతోంది కాబట్టి ఆమె నన్ను గోనెసంచిలో చుట్టి పడవలోకి తెచ్చింది. అసిరమ్మ సంచి విప్పి చూసింది.

"ఏటొదినా ఇది, సేపలకి గాలమా? దీనికి పడే సేపైతే మనల్నే లాక్కుపోద్ది."

సుంకమ్మ సంచి మూతి బిగించి దాని మీద కూర్చుంది.

మొదటి దీవి దగ్గరే నూకన్న లంగరు పగడపు రాళ్ల కింద ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. రాళ్లకు ఒరుసుకుని తాడు తెగింది. లంగరు లేని పడవను దీవి దగ్గర నిలపలేం, వెనక్కి పోవడమే అన్నాడు నూకన్న. పిల్లలు ముగ్గురూ ఏడుపు లంకించుకున్నారు. సుంకమ్మ మూట సర్దుకుంది. సర్దుకోవడంలో తొందర ఉంది.

అప్పుడు నూకన్న కన్ను సంచి మీద పడింది. నన్ను బయటికి తీసి, కొక్కేలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశాడు. బరువు చాలదు, రాయి ఒకటి కడితే సరిపోతుందని తనలో తను అనుకున్నాడు.

"సెల్లెమ్మా, మనం తిరిగెల్లేదాకా ఇది నాకిత్తావేటి?"

ఆమె వెంటనే ఇవ్వలేదు. ఇస్తే హనుమక్క మనవరాలు కాదు.

"కుదవ పెట్టల్లన్నా. మా కాడ అదీ పద్ధతి."

అసిరమ్మ ప్లాస్టిక్ చెంబు అందించింది. అది చెల్లదంది. నూకన్న చేతి గడియారం విప్పబోయాడు. నడవని గడియారం తనకెందుకంది. మనవాళ్ల దగ్గర కుదువేమిటని ఓబులేసు కసిరాడు. ఆమె అతని వైపు తిరగలేదు. నూకన్న చేయి ఆనించి ఉన్న చుక్కాని పిడిని చూపించింది. నల్లటి కర్ర. తాత, తండ్రి, కొడుకు పట్టుకుని పట్టుకుని అద్దంలా చేశారు. పడవలో దానికి మించిన వస్తువు లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నూకన్న పిడి మీంచి చేయి తీయలేదు. ఆడవాళ్లు పడవ ఎక్కకూడదని అతని తాత అనేవాడట. దీవుల్లో కాపురం పెట్టాక ఆసుపత్రికి పోవాలన్నా పడవే కాబట్టి ఆ నియమం దానంతటదే చచ్చిపోయింది. ఆడది చుక్కాని ముట్టకూడదన్న నియమం మాత్రం ఇంకా బతికే ఉంది. మనుషుల నియమాలు అలాగే చస్తాయి, ఎవరికి ఇబ్బంది కలిగితే వాళ్ల వైపు నుంచి.

"పిడి ఊడదీసిత్తే పడవెలాగ నడుత్తాది?" అన్నాడు చివరికి. "కుదవంటే నీ సేతిలో ఉండాలంతే గదా. నువ్వే పట్టుకో. ఇలాగొచ్చి కూకో."

అలా నేను లంగరునయ్యాను. ఆమె చుక్కాని పట్టింది.

పిడిని కుడికి నెడితే పడవ ఎడమకు పోతుంది. మొదటి రోజంతా ఆమె దానితో పోట్లాడింది. చెప్పిన మాట వినని కర్ర అని తిట్టింది. మీ ఆయనతో కాపురం చేస్తున్నదానివి, నీకు ఇది కొత్తా అని అసిరమ్మ అడిగింది. ఓబులేసు కూడా నవ్వాడు. ఆ మాట నిజమని అతనికి తెలుసు.

మనుషులు దీవులను పైనుంచి చూస్తారు. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక అంటారు. నేను అడుగు నుంచి చూశాను. ఒక దీవి అడుగున ఇసుక పిండిలా జారిపోయింది. మడ అడవుల దీవి దగ్గర బురద నన్ను మింగి, వదలడానికి బేరాలాడింది. ఇంకో చోట ఒక తాబేలు నా చుట్టూ తిరిగి, తినడానికి పనికిరానని తేల్చుకుని పోయింది. బావి అడుగున ఎప్పుడూ ఒకటే చీకటి. ఇక్కడ ఎండ నా దాకా దిగింది. ఇనుము వెచ్చబడితే ఎలా ఉంటుందో నాగప్ప కొలిమి తర్వాత నాకు మళ్లీ అప్పుడే తెలిసింది.

ఒక దీవిలో కొండ పగులు నుంచి మంచినీటి ఊట నేరుగా సముద్రంలోకి పడుతోంది. సుంకమ్మ దోసిలి పట్టి తాగింది. తర్వాత మొదటిసారి మోకాళ్ల దాకా ఉప్పునీళ్లలోకి దిగింది, బిందె కడగడానికి. చాలాసేపు కడిగింది. బిందె అంత మురికిగా ఏమీ లేదు.

చివరి దీవికి పోతుండగా మబ్బు కమ్మింది. గాలి ఒక్కసారిగా తిరగబడింది. తెరచాప దించడానికి నూకన్నకూ ఓబులేసుకూ నాలుగు చేతులూ చాలలేదు. పిల్లలను అసిరమ్మ కాళ్ల సందున ఇరికించుకుంది. చుక్కాని దగ్గర సుంకమ్మ ఒక్కతే ఉంది. గాలి ఎటుంటే పడవ మూతి అటు ఉంచమని నూకన్న అరిచాడు. ఆమె పిడిని చంకలో బిగించి, కాలు పడవ పక్కకు తన్ని పట్టింది. ఒడ్డున రాళ్లు దగ్గరవుతున్నాయి. అసిరమ్మ నన్ను ఎత్తి విసిరింది.

ఇసుక తగిలింది, జారాను. మళ్లీ తగిలింది, మళ్లీ జారాను. బావిలో నా పని పైకి తేవడం. పట్టుకుని ఉండిపోవడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆఖరికి ఒక రాతి నెర్రె దొరికింది. అందులో ఒక కొక్కెం విరిగింది. పక్కది నిలిచింది. పడవ ఆగింది.

వాన వెలిశాక నూకన్న వచ్చి పిడి మీద చేయి వేశాడు. ఇక తను పట్టుకుంటానన్నాడు. ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

"గాలం నా చేతికిచ్చినాక," అంది.

అసిరమ్మ కొబ్బరినూనె తెచ్చి ఆ వేళ్లను ఒక్కొక్కటే రుద్ది విప్పింది. విప్పాక పిడి మళ్లీ ఆ చేతిలోనే పెట్టింది.

పోర్ట్ బ్లెయర్ రేవుకు చేరిన సాయంత్రం నూకన్న తాడు విప్పి, నన్ను కడిగి, ఆమె ముందు పెట్టాడు. విరిగిన కొక్కేనికి కొత్తది అతికిస్తానన్నాడు. ఓబులేసు మూటలు కడుతున్నాడు. కట్టిన ముడినే విప్పి మళ్లీ కడుతున్నాడు. ఆమె నన్ను తీసుకుంటే ఇంటికి, ఇంటి నుంచి ఓడకు. అది అందరికీ తెలుసు.

"మల్లా యెప్పుడు పోతావన్నా దీవులకు?" అని అడిగింది సుంకమ్మ.

"పై ఏడే. ఇలాటి రోజులకే."

ఆమె లేచి, చీర కుచ్చిళ్లలో ఇసుక దులుపుకుంది.

"అయితే అంతవరకూ నీ కాడే ఉండనీ. అతుకు గెట్టిగా యేపిచ్చు. మా యవ్వది అది."

ఓబులేసు ముడి వేయడం ఆపాడు. ఓడ టికెట్ల మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

అతుకు బాగానే పడింది. వేసినవాడు ఈసారి కూడా వేరే ఎవరితోనో కబుర్లు చెబుతూ వేశాడు. నూకన్న తర్వాత పెద్ద లంగరు కొన్నాడు. పాత ఇనుము కొనేవాళ్లు నా మీద రెండుసార్లు కన్నేశారు. ఇద్దరికీ అసిరమ్మ సమాధానం చెప్పింది, అది ఇక్కడ రాయదగ్గది కాదు. నేను పడవ ముందు భాగంలో చుట్టగా వేసిన తాడు మీద ఉంటాను. నేల కష్టంగా ఉన్నచోట నన్నే దింపుతారు. పల్చబడ్డాను. ఉప్పు ఏటా కొంత తింటోంది. తిననీ.

మనుషుల మీద నా అభిప్రాయం పెద్దగా మారలేదు. ఈ పడవలో ఉన్నవాళ్లను మాత్రం ఆ లెక్కలోంచి తీసేశాను.

రేపు తెల్లవారగానే ఉత్తరాన ఉన్న ఒక చిన్న దీవికి పోతున్నారట. అక్కడ నిలపడం కష్టమని నూకన్న అంటున్నాడు. చూద్దామని సుంకమ్మ అంటోంది. దాని అడుగు నేను ఇంతవరకు చూడలేదు.