పొగ లేని బొగ్గులు

ఇస్త్రీ ఆయన పోయిన రోజున ఒకటే వాన. జల్లు కొడితే తెల్లచొక్కాలు పాడవుతాయని దుకాణం తలుపు వేసి ఉంది. లోపల కుంపట్లో బొగ్గులు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు. భోజనానికి పిలవబోయిన భార్యకు ఆయన బల్ల మీద తల వాల్చి కనిపించాడు. నిద్రపోతున్నాడనుకుని, మడతలు నలుగుతాయని కోప్పడింది కూడా.

బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు అన్నాడు డాక్టరు. దానికి రంగుండదు, వాసనుండదు. భార్య తన అత్తకు మాత్రం గుండె ఆగిందని చెప్పింది. ఆ పొద్దున "తడుస్తావురా నాయనా" అంటూ తలుపు లాగి వేసింది అత్తే.

అప్పటినుంచి కోడలు కుంపటిని బయట అరుగు మీదే పెట్టి ఇస్త్రీ చేస్తోంది. చలికాలం వచ్చింది. అత్తకు మోకాళ్లు పట్టేశాయి.

"ఆ కుంపటి కాస్త నా గదిలో పెట్టవే."

"వద్దత్తయ్యా, ఇల్లంటుకుంటుంది."

"నువ్వు పుట్టకముందు నుంచీ నిప్పుతో కాపురం చేస్తున్నాను. నాకు చెబుతున్నావా! వాడు పోయాక నాకు కాస్త వెచ్చదనం కూడా కరువైపోయింది."

కోడలు దుప్పటి మీద దుప్పటి కప్పింది. వేడినీళ్ల సీసా కాళ్ల దగ్గర పెట్టింది. అసలు సంగతి మాత్రం గొంతు దాటలేదు.

ఒక సాయంత్రం బట్టలు ఇచ్చి వచ్చేసరికి అరుగు మీద కుంపటి లేదు. అత్త గది తలుపు తోసింది. మంచం పక్కన బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా మండుతున్నాయి. అత్త లేవబోయి తూలి మంచంలో పడింది. కోడలు ఊపిరి బిగబట్టి, ఆవిడ చంకల కింద చేతులేసి వీధిలోకి ఈడ్చుకొచ్చింది. పక్కింటాయన ఆటో తెచ్చాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి అత్త తేరుకుంది.

"పొగ లేదు గదే? బాగా రగిలాకే లోపల పెట్టుకున్నాను. చొక్కాలకు వాసన పడుతుందని వాడు పొగ రాని బొగ్గులే ఏరి తెచ్చేవాడు."

"పొగ లేకపోయినా విషం ఉంటుందత్తయ్యా."

అత్త కోడలి వైపు తిరిగింది. "అయితే వాడు కూడా..."

ఇక దాచడం కుదరలేదు. కోడలు తలూపింది.

"ఆ తలుపు నేనే వేశాను గదే."

"నేనున్నా వేసేదాన్నే. వాన కదా. మనకెవరికి తెలుసు?"

"ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా, పిచ్చిదానా?" అంది అత్త. కోడలి చేతిని తన దుప్పట్లోకి లాక్కుని, "చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి" అని విసుక్కుంది.

ఇప్పుడు కుంపటికి అత్తే కాపలా. చివరి నిప్పు చల్లారేదాకా దాన్ని గుమ్మం దాటనివ్వదు. "కుంపటికీ అత్తపోరు తప్పలేదు" అంటాడు పక్కింటాయన.

వీధి చివర మొగుడూపెళ్లాల ఇస్త్రీ దుకాణం ఇంకొకటి ఉంది. వాన పడితే వాళ్లూ తలుపు వేసుకుంటారు. వెళ్లి చెప్పాలి. చెప్పాలంటే ఆ రోజు తలుపు వేసింది ఎవరో కూడా చెప్పాలి. రోజూ అత్త చెప్పులు వేసుకుని అరుగు దాకా వస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. వాళ్లకు ఇంకా చెప్పలేదు.