అలారం మోగకముందే

కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగం తమ్ముడి ఇంట్లో ఉంటున్న ఆడపడుచుది. వచ్చినవాళ్ళ మొహం తేరిపార చూసి, నాలుగు ఫ్రేములు తీసి, "అవి వద్దు, మీకు ఇదే నప్పుతుంది" అని చెప్పే పని. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆమెని ఎవరూ అడగరు. అక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళు సైతం ఆమె మాట కోసం ఎదురుచూస్తారు.

ఆ కౌంటరుకి ఎసరొచ్చింది. పాత యజమాని తప్పుకుని దుకాణంలో కొడుకు కూర్చున్నాడు. కూర్చోగానే గోడ గోడకీ తెల్ల లైట్లు పెట్టించాడు. ఆ వెలుగులో ఆమె నెరిసిన తల చూసి, "అక్కా, ఇక మీరు వెనక గదిలో అద్దాలు తుడిచి కవర్లలో పెట్టండి. ఒంటిపూట పనే. ముందు కాస్త కళగా ఉండేవాళ్ళని పెడతాను" అన్నాడు. ఆమె బతిమాలితే, "సరే, రేపు చూద్దాం" అని ఫోన్లోకి తల దించుకున్నాడు.

అందుకే ఈ ఉదయం తమ్ముడు డ్యూటీకి వెళ్ళేదాకా ఆగి బాత్రూం తలుపు వేసుకుంది. ప్లాస్టిక్ గిన్నెలో జుట్టు రంగు డబ్బాలోని రెండు ట్యూబులూ పిండి కలిపింది. రంగు అంటుకుంటుందని కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టింది. అది తీస్తే డబ్బా మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ తప్ప ఒక్క అక్షరం కనిపించదు ఆమెకి. ముందు జుట్టు ఎలాగో అయింది. వెనక్కి చెయ్యి తిప్పేసరికి బ్రష్షు మెడకి తగిలి, అక్కడి నుంచి గోడకి తగిలింది.

తలుపు దబదబమంది.

"వదినగారూ! ఏమిటా కంపు? లోపల ఎవరినైనా తగలబెడుతున్నారా?"

"నా పని నేను చేసుకుంటున్నాను తల్లీ. నీ పని నువ్వు చూసుకో."

"బాత్రూం కడగడం కూడా నా పనే. తియ్యండి."

తియ్యక తప్పలేదు. మరదలు గోడ చూసింది, వాష్‌బేసిన్ చూసింది, చివరికి ఆడపడుచు మెడలో ఉన్న తువ్వాలు చూసింది.

"అది నా కొత్త తువ్వాలు."

"తీగ మీద ఉంటే తీసుకున్నాను. పేరు రాసుకోలేదుగా."

"రెండు నెలలుంటానని వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఇంట్లో దేని మీద పేరు రాసుకోమంటారు?" అంటూ బ్రష్షు లాక్కుంది మరదలు. "కూర్చోండి. ఇలా వదిలేస్తే నా గోడలకి కూడా వయసు తగ్గించేలా ఉన్నారు."

ఆడపడుచు స్టూలు మీద కూర్చుంది. మరదలు పాయలు తీసి పులుముతూ ఉంటే మెడ ముందుకీ వెనక్కీ ఊగిపోయింది. అయినా ఒక్క వెంట్రుక వదల్లేదు ఆవిడ. అంతా అయ్యాక డబ్బా అటూ ఇటూ తిప్పి చదివి, ఫోన్లో అలారం పెట్టి వాష్‌బేసిన్ పక్కన ఉంచింది.

"మోగేదాకా కదలకండి. నీళ్ళు తగలనివ్వకండి" అని వంటింట్లో ఉన్న తన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల పొద్దున్నే ఏదో పని మీద వచ్చి కూర్చుంది.

ఆడపడుచు ఒంటరిగా మిగిలింది. మాడు చురచురలాడటం మొదలైంది. వంటింట్లోంచి గుసగుసలు, వాటి వెంట మరదలి నవ్వు. "ఉన్న నాలుగూ ఊడి చేతికొస్తే అప్పుడు చూడాలే మహారాణి మొహం!"

ఎంతసేపటికి పెట్టిందో ఆ అలారం! అక్షరాలు కనపడని మనిషికి ఏం చెప్పినా చెల్లుతుంది. గుండుతో పంపిస్తే కౌంటరు కాదు కదా, గడప కూడా తొక్కనివ్వరు.

ఇక ఆగలేదు. కొళాయి తిప్పి తల కింద పెట్టింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా రుద్దింది. ఆ ఊపులోనే గిన్నె కూడా కడిగి బోర్లించింది. తల తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

నలుపు కాదు. ఇటుక పొడి చల్లినట్టు, తుప్పు పట్టిన రేకులా ఉంది తల.

అప్పుడు మోగింది అలారం.

మరదలు వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఎవరు కడుక్కోమన్నారు?"

"నా తల, నా ఇష్టం."

"మోగేదాకా ఆగమన్నానా లేదా?"

"నాకు గుండు చేద్దామనుకుంటున్నావుగా. విన్నాను."

"నవ్వుకోవడానికి అన్న మాట అది! మీకు గుండు చేస్తే నాకేం ఒరుగుతుంది?" మరదలి గొంతు లేచింది. "వెనక గదిలో పడేస్తే ఒంటిగంటకల్లా వచ్చి నా నెత్తిన కూర్చుంటారు. పగలంతా ఈ ఇల్లు నాది. ఆ కాస్త సుఖం పోకూడదనే చచ్చినట్టు మీ తల ముట్టుకున్నాను. నల్లగా నిగనిగలాడుతూ వెళ్ళి ఆ కౌంటర్లోనే పడి ఉంటారని!"

ఆరేళ్ళలో మరదలి నోట వచ్చిన మాటల్లో ఆడపడుచు పూర్తిగా నమ్మింది అదొక్కటే.

"మిగిలింది ఏదీ? మళ్ళీ పులుముతాను."

"గిన్నె కడిగేశాను."

"ఆరేళ్ళలో ఒక్క గిన్నె ముట్టుకోని మనిషికి, కడగడం ఇవాళే గుర్తుకు రావాలా!"

దుకాణంలో ఏ గోడ వైపు తిరిగినా అద్దమే. ఏ అద్దంలో చూసినా తుప్పు తలే. కొత్త యజమాని పెదాలు బిగబట్టి, "లోపలికెళ్ళండి అక్కా" అన్నాడు.

"సరిగ్గా వేసుకుని వస్తాను."

"వచ్చినప్పుడు చూద్దాం."

వెనక గదిలో అద్దాలు తుడుస్తుంటే ముందు నుంచి మాటలు వినపడుతున్నాయి. "నాకు ఏది బాగుంటుందమ్మా?" అని ఎవరో పెద్దావిడ అడిగింది. "మీ ఇష్టమండీ, అన్నీ బాగున్నాయి" అంది కొత్తగా పెట్టిన అమ్మాయి. ఆడపడుచు చేతిలో అద్దం పగిలేటంత పని అయింది.

ఒంటిగంటకి ఇంటికి వచ్చింది. మరదలు ఫ్యాను కింద సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తోంది. ఆడపడుచు సంచీలోంచి కొత్త రంగు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఈసారి మోగేదాకా కూర్చుంటాను."

"ఈసారి స్టూలుకి కట్టేస్తాను. లేవండి, ఇప్పుడే వేసేద్దాం."

"ఇప్పుడే కుదరదు. మాడు కందిపోయింది, వారం ఆగి వెయ్యమన్నాడు మందుల షాపు అతను."

"వారమా!" మరదలు నిటారుగా లేచి కూర్చుంది. "వారం రోజులూ ఇదే వేళకి వస్తారా?"

ఆడపడుచు చెప్పులు విడిచి, సోఫా దగ్గరికి వచ్చి, ఫ్యాను గాలి తగిలేచోట నిలబడింది.

"కాస్త జరుగు" అంది.

మరదలు జరగలేదు. రిమోటు తీసుకుని టీవీ సౌండు పెంచింది.